పది అడుగుల దూరానికి ఏ లెన్సు?



కొత్తగా కెమెరా కొన్నవాళ్లు ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ దుకాణం మెట్లెక్కుతారు. పెట్టెతో పాటు వచ్చిన కిట్ లెన్సు మీద అప్పటికి మోజు తీరిపోయి ఉంటుంది. “అన్నా, వీధుల్లో ఫొటోలు తీయడానికి, ఊళ్లు తిరిగేటప్పుడు వాడుకోవడానికి మంచి లెన్సేదైనా చూపించు” అంటారు. దుకాణం ఆయన పెద్దగా ఆలోచించడు. వెనక అరలోంచి అరచేతిలో ఇమిడే నల్లటి లెన్సొకటి తీసి గాజుబల్ల మీద పెడతాడు. 50 మిల్లీమీటర్లు, ఎఫ్ 1.8. బరువు లేదు, ధర కూడా పది వేల రూపాయల ప్రాంతంలోనే. దుకాణంలోనే ఒక ఫొటో తీసి చూస్తే వెనకంతా మసకేసి మనిషి మొహం ముందుకొచ్చి నిలబడుతుంది. ఇంకేం కావాలి? డబ్బు కట్టేస్తారు. వారం తిరక్కుండానే హైదరాబాదు పాతబస్తీలోని లాడ్ బజారు సందులో గోడకు వీపు ఆనించుకుని, ఇంకా వెనక్కి జరగడానికి చోటు లేక అవస్థ పడుతుంటారు.

లెన్సు మంచిదే. దుకాణం ఆయన అబద్ధమూ చెప్పలేదు. కానీ అడగవలసిన మొదటి ప్రశ్నను అటు అమ్మినవాళ్లూ అడగలేదు, ఇటు కొన్నవాళ్లూ అడగలేదు. ఫొటో తీసేటప్పుడు ఎదుటి మనిషికి ఎంత దూరంలో నిలబడతారన్నదే ఆ ప్రశ్న.

దీని వెనక ఉన్న లెక్క చిన్నదే, రేడియోలో విన్నా పట్టుబడుతుంది. ఫిల్మ్ రోజుల నుంచి వస్తున్న ప్రామాణిక చట్రం 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. నేటి ఫుల్ ఫ్రేమ్ కెమెరాల సెన్సరు కూడా ఇదే కొలత. దానికి 35 మిల్లీమీటర్ల లెన్సు తగిలిస్తే ఎంత దూరంలో నిలబడితే దాదాపు అంత వెడల్పు ఫొటోలోకి వస్తుంది. పది అడుగుల వెడల్పున్న గాజుల దుకాణం ఈ చివర నుంచి ఆ చివర దాకా రావాలంటే పది అడుగుల దూరం చాలు. 50 లెన్సుతో అయితే పద్నాలుగు అడుగులు వెనక్కి జరగాలి. 28 లెన్సుకు ఎనిమిది అడుగులే.

ఇదంతా ఫుల్ ఫ్రేమ్ సంగతి. మన దగ్గర ఎక్కువమంది మొదట కొన్నవి క్యానన్ 1500డి, నికాన్ డి5600 లాంటి కెమెరాలు. వీటి సెన్సరు చిన్నది. క్యానన్‌లో వెడల్పు 22.3 మిల్లీమీటర్లు, నికాన్‌లో 23.5. ఏపీఎస్-సి అనీ, క్రాప్ సెన్సరనీ పిలిచేది దీన్నే. చట్రం చిన్నదైతే అదే లెన్సు చూసే మేర కూడా కుంచించుకుపోతుంది. క్రాప్ సెన్సరు ఉన్న క్యానన్ మీద 50 లెన్సు పెట్టి ఆ పది అడుగుల దుకాణాన్నే మొత్తంగా తీయాలంటే ఇరవై రెండు అడుగులు వెనక్కి పోవాలి. పాతబస్తీ సందుల్లో అంత వెనక్కి పోతే ఎదుటి దుకాణం గల్లాపెట్టె దగ్గర తేలతారు. ఒకవేళ అంత చోటు దొరికినా, ఆ మధ్యలోంచి నలుగురు మనుషులు, రెండు స్కూటర్లు, ఒక తోపుడు బండి పోతూనే ఉంటాయి.

మరి అందరి నోటా ఈ 50 మాటే ఎందుకు వినిపిస్తుంది? దానికి వందేళ్ల కథ ఉంది.

అంతకు ముందు కెమెరా అంటే మోయవలసిన సామాను. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1880ల్లో హైదరాబాదులో పనిచేసిన కాలంలో గాజు పలకలు, మూడు కాళ్ల స్టాండు, వాటిని మోసే మనుషులు కలిస్తేనే ఒక ఫొటో. దీన్‌దయాళ్ తీసిన దర్బారు చిత్రాల్లో మనుషులు కొయ్యబారినట్టు నిలబడటానికి రాచమర్యాద ఒక్కటే కారణం కాదు, కదిలితే బొమ్మ చెడిపోతుందన్న భయం కూడా ఉంది. ఆ బరువును దించింది జర్మనీ. అక్కడి లైట్జ్ కంపెనీ ఇంజినీరు ఆస్కార్ బార్నాక్‌కు ఉబ్బసం. బరువు కెమెరాలు మోయలేక, సినిమా ఫిల్మును అడ్డంగా నడిపించే చిన్న కెమెరా తయారుచేశాడు. అదే లైకా. 1925లో లైప్‌జిగ్ సంతలో జనం ముందుకు వచ్చింది. మాక్స్ బెరెక్ రూపొందించిన 50 మిల్లీమీటర్ల లెన్సు దానికి బిగించే ఉండేది, విప్పడానికి వీల్లేదు. 36 బై 24 చట్రానికి మూల నుంచి మూలకు కొలిస్తే 43 మిల్లీమీటర్లు. ఆ కొలతకు దగ్గరగా ఉండే లెన్సును ‘నార్మల్’ అనడం ఆనవాయితీ. పెంటాక్స్ కంపెనీ 1997లో పట్టుబట్టి సరిగ్గా 43 మిల్లీమీటర్ల లెన్సే తయారుచేసింది. మిగతా లోకం మాత్రం 50తో సరిపెట్టుకుంది.

ఆ 50 చవకగా దొరకడానికి కారణం వేరు. 1896లో జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ ప్లానార్ అనే లెన్సు గీశాడు. అటూ ఇటూ దాదాపు ఒకే పొందికలో గాజు కటకాలు, నడుమ వెలుగును లోపలికి వదిలే రంధ్రం, అంటే అపర్చరు. నేటి చవక 50లలో చాలావాటికి వంశమూలం అదే. పైగా డీఎస్ఎల్ఆర్ కెమెరాల్లో లెన్సుకూ సెన్సరుకూ మధ్య అద్దం ఒకటి లేచి పడుతుండాలి. ఆ అద్దానికి చోటివ్వడానికి క్యానన్ 44 మిల్లీమీటర్లు వదిలింది, నికాన్ 46.5. 50 లెన్సు ఆ దూరంలో హాయిగా పనిచేస్తుంది. 24, 28 లాంటి వెడల్పు లెన్సులు అంత దూరం నుంచి బొమ్మ వేయాలంటే ముందువైపు అదనపు గాజు పెట్టాలి. అందుకే లోపల ఆరు గాజు కటకాలతో, 160 గ్రాముల బరువుతో క్యానన్ 50 ఎఫ్ 1.8 అంత తక్కువకు వస్తుంది. అది కారుచవక అయినంత మాత్రాన అందరికీ కావలసింది అదే అనుకోనక్కర్లేదు.

50 లెన్సు అచ్చం మనిషి కన్నులా చూస్తుందని కూడా చెప్తారు. సగం నిజం. కదలకుండా నిలబడ్డా మన రెండు కళ్లకు అంతకన్నా ఎంతో ఎక్కువ వెడల్పు అందుతుంది. ఇక ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా కనిపించే వికారాన్ని వెడల్పు లెన్సు తప్పుగా చెప్పడం మామూలైపోయింది. నిజానికి అది దూరం చేసే పని. రెండు అడుగుల దగ్గర నిలబడితే ఏ లెన్సుతో తీసినా ముక్కుకూ చెవికీ అదే తేడా కనిపిస్తుంది. వెడల్పు లెన్సు చేతిలో ఉన్నప్పుడు మనిషి మొహంలోకి చొచ్చుకుపోవాలనిపిస్తుంది, అంతే.

పేరుమోసిన ఫొటోగ్రాఫర్లను చూస్తే లెన్సు కన్నా దూరమే ముందు తేల్చుకున్నారని తెలుస్తుంది. ఆన్రి కార్టియే బ్రెస్సాఁ 1932 నుంచి లైకా పట్టుకుని, జీవితంలో ఎక్కువ భాగం 50తోనే పనిచేశాడు. మెరిసే భాగాలు జనం కంట పడకుండా కెమెరాకు నల్ల టేపు చుట్టేవాడు. మన దేశానికి 1947లో వచ్చాడు. 1948 జనవరి 30న గాంధీని కలిశాడు. అదే సాయంత్రం హత్య జరిగింది. అంత్యక్రియల్లో పోటెత్తిన జనాన్ని, దుఃఖాన్ని ఆయన తీసిన చిత్రాలు లోకమంతా చూసింది. మనుషుల గుంపుకు కాస్త ఎడంగా నిలబడి, ఎవరికీ అడ్డు రాకుండా, గీతలన్నీ ఎక్కడ కలుస్తాయో చూసి మీట నొక్కడం ఆయన పద్ధతి. ఆ పద్ధతికి 50 సరిపోయింది.

చెకొస్లొవేకియాలో యోసెఫ్ కౌడెల్కా 1960ల్లో జిప్సీల గుడిసెల్లోకి వెళ్లి ఫొటోలు తీశాడు. ఒక మంచం, ఒక పొయ్యి, ఇంటిల్లిపాదీ ఉన్న గదిలో వెనక్కి జరిగే వీలెక్కడిది? ఎక్సాక్టా కెమెరాకు 25 మిల్లీమీటర్ల ఫ్లెక్టోగన్ లెన్సు పెట్టుకున్నాడు. ఇక న్యూయార్క్‌లో సాల్ లైటర్‌ది దీనికి పూర్తిగా ఎదురు దారి. వాన చినుకులు పట్టిన అద్దాల వెనక నుంచి, గొడుగుల సందులోంచి, దూరాన్ని దగ్గరికి లాగే టెలిఫొటో లెన్సుతో వీధిని తీశాడు. స్టీవ్ మెక్‌కరీ 1984లో పాకిస్తాన్‌లోని శరణార్థి శిబిరంలో ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ బాలిక చిత్రాన్ని 105 మిల్లీమీటర్ల లెన్సుతో తీశాడు. నలుగురూ గొప్పవాళ్లే, నాలుగు లెన్సులూ వేరువేరు.

మళ్లీ లాడ్ బజారుకు వద్దాం. అక్కడ లక్క గాజులు చేసే చోట కూర్చుని చూస్తే పని అంతా రెండడుగుల మేరలోనే జరుగుతుంది. నిప్పుల మీద లక్క కడ్డీ మెత్తబడుతుంటుంది. దాన్ని సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి ఆరకముందే ఒక్కో రాయినీ వరసలో అద్దుతారు. చెయ్యి ఆగితే లక్క గట్టిపడిపోతుంది, ఫొటో కోసం ఆగమంటే కుదరదు. రెండడుగుల దూరంలో కూర్చుని క్రాప్ కెమెరాతో 50 లెన్సు పెట్టి చూస్తే పదకొండు అంగుళాల వెడల్పే కనిపిస్తుంది. రెండు వేళ్లు, ఒక గాజు, నాలుగు రాళ్లు. బాగానే ఉంటుంది గానీ అది జైపూరులో తీశారో హైదరాబాదులో తీశారో చెప్పలేం. అదే చోట 24 లెన్సు పెడితే వెడల్పు రెట్టింపు దాటి ఇరవై రెండు అంగుళాలు వస్తుంది. చేతులతో పాటు నిప్పుల పళ్లెం, పక్కన చల్లారుతున్న గాజుల గుత్తి కూడా ఫొటోలోకి వస్తాయి. కెమెరాను నిలువుగా తిప్పి పట్టుకుంటే వంగి చూస్తున్న ఆ మొహం కూడా.

వెనకంతా మసక చేయడం మీద ఉన్న వ్యామోహం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఫుల్ ఫ్రేమ్ మీద 50 లెన్సును ఎఫ్ 1.8 దగ్గర తెరిచి, ఐదడుగుల దూరంలో మనిషిని తీస్తే స్పష్టంగా వచ్చే లోతు నాలుగు అంగుళాలు. కన్ను స్పష్టంగా ఉండి చెవి మసకబారడం మొదలవుతుంది. పెళ్లిచూపుల ఫొటోకైతే ముచ్చటే. కానీ గుంటూరు మిర్చి యార్డు దాకా వెళ్లి, టిక్కీ బస్తాలు మోసే హమాలీని తీసి, వెనక కొండల్లా పోసిన మిరపకాయలన్నిటినీ ఎర్రటి మసకగా మార్చేస్తే అంత దూరం పోయి లాభమేమిటి? ఎర్ర చీర ఆరేసి దాని ముందు నిలబెట్టినా అదే ఫొటో వస్తుంది. ప్రయాణంలో తీసే ఫొటోకు వెనకున్న ఊరే ప్రాణం. దాన్ని చెరిపేయడానికి డబ్బు పెట్టి లెన్సు కొనడం విడ్డూరం.

వీధిలో ఫొటోలు తీసే పాత తరం వాళ్లు చేసే పని దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఫుల్ ఫ్రేమ్ మీద 35 లెన్సుకు అపర్చరు ఎఫ్ 8 దగ్గర పెట్టి, ఫోకస్ పది అడుగులకు కట్టేసి వదిలేస్తారు. సుమారు రెండు మీటర్ల నుంచి ఏడు మీటర్ల దాకా ఉన్నదంతా స్పష్టంగా వస్తుంది. ఇక ఫోకస్ గోల లేదు, మనిషి ఎదురుపడిన క్షణంలో మీట నొక్కితే చాలు. అదే పని 50 లెన్సుతో చేస్తే స్పష్టత రెండున్నర మీటర్ల దగ్గర మొదలై నాలుగు మీటర్లు దాటగానే అయిపోతుంది.

పెద్ద అపర్చరుకు, అంటే చిన్న ఎఫ్ అంకెకు, అసలు విలువ రాత్రిపూట తెలుస్తుంది. కిట్ లెన్సును 55 దాకా జూమ్ చేస్తే దొరికేది ఎఫ్ 5.6. ఎఫ్ 1.8 దానికన్నా దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుగును లోపలికి తెస్తుంది. రంజాన్ నెలలో చార్మినార్ చుట్టూ బల్బుల వెలుగులో కిట్ లెన్సు సెకనులో పదిహేనో వంతు అడిగే చోట, ఈ లెన్సు నూట పాతికో వంతుతో సరిపెడుతుంది. మొదటి దాంట్లో నడిచే మనిషి నీడలా సాగిపోతాడు, రెండో దాంట్లో అడుగు గాల్లో ఉండగా ఆగిపోతాడు. కిట్ లెన్సులో వణుకు తగ్గించే ఏర్పాటు ఉందిగా అంటారు. అది పట్టుకున్న చేతి వణుకును తగ్గిస్తుందే గానీ నడిచే మనిషిని ఆపలేదు.

ఇక కొనడం సంగతి. క్రాప్ సెన్సరు క్యానన్ డీఎస్ఎల్ఆర్ ఉన్నవాళ్లకు 2014లో వచ్చిన 24 ఎఫ్ 2.8 లెన్సు మేలు. 125 గ్రాముల బరువు, అంగుళం కూడా లేని మందం. ఆ కెమెరా మీద అది ఫుల్ ఫ్రేమ్ మీద 38 మిల్లీమీటర్ల లెన్సు చూసినట్టు చూస్తుంది, పదహారు సెంటీమీటర్ల దగ్గరి దాకా ఫోకస్ అవుతుంది. నికాన్ వాళ్లు క్రాప్ సెన్సరు డీఎస్ఎల్ఆర్‌లకు ఇలాంటి చవక 24 ఇవ్వనే లేదు. ఉన్నవాటిలో 2009 నాటి 35 ఎఫ్ 1.8 నయం. పది అడుగుల దుకాణానికి పదిహేను అడుగులు వెనక్కి జరగాలి, సర్దుకోవచ్చు. అద్దం లేని కొత్త నికాన్ జెడ్ క్రాప్ కెమెరాలకు మాత్రం 2023లో 24 ఎఫ్ 1.7 వచ్చింది. దాని బరువు 135 గ్రాములే. ఫుల్ ఫ్రేమ్ జెడ్ ఉన్నవాళ్లకు 40 ఎఫ్ 2 ఉంది, 170 గ్రాములు. లెన్సు మార్చడమనే బాధే వద్దనుకునేవాళ్ల కోసం ఫూజీ ఎక్స్100 వరస, రికో జీఆర్ వరస ఉన్నాయి. జేబులో ఫోను ఉన్నవాళ్ల దగ్గర కూడా ఒక లెన్సు ఉన్నట్టే. చాలా ఫోన్ల ప్రధాన కెమెరా 24 నుంచి 26 మిల్లీమీటర్ల లెన్సులా చూస్తుంది.

పాత లెన్సు కొనేవాళ్లు రెండు మూడు సంగతులు చూసుకోవాలి. నికాన్ 50 ఎఫ్ 1.8డి తక్కువకు దొరుకుతుంది గానీ దాని లోపల ఫోకస్ మోటారు లేదు. డి3000, డి5000 వరస కెమెరాల్లోనూ ఉండదు కాబట్టి ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్ల నుంచి వచ్చిన లెన్సయితే టార్చిలైటు లోపలికి వేసి, రెండో వైపు నుంచి చూడాలి. సాలెపోగుల్లాంటి తెల్లటి గీతలు కనిపిస్తే ఫంగస్ పట్టినట్టే. అంచున చుక్కంత ఉంటే బేరమాడొచ్చు, నడిమధ్యన ఉంటే నమస్కారం పెట్టి వచ్చేయడం మంచిది. కొన్నాక బ్యాగులో సిలికా జెల్ పొట్లాలు వేసుకుని, అవి తేమ పీల్చేశాక మారుస్తూ ఉండాలి.

వెడల్పు లెన్సు అందరికీ నప్పుతుందని కాదు. పాపికొండలకు లాంచీలో వెళ్లేవాళ్లు 24తో తీస్తే ఫొటోలో ముప్పాతిక వంతు గోదావరీ ఆకాశమూ ఉంటాయి, కొండలు గీతలా మిగులుతాయి. అక్కడ కిట్ జూమే నయం. ఎదుటి మనిషిని పలకరించాలంటే మొహమాటపడేవాళ్లకు కూడా 50తో ఎడంగా నిలబడటం సుఖం. కానీ దూరం నుంచి టెలిఫొటోతో తీస్తే అవతలివాళ్లకు ఇబ్బంది ఉండదనుకోవడం భ్రమ. కిలోన్నర బరువున్న 70-200 లెన్సు సందు చివర పైకి లేస్తే వీధి మొత్తానికి తెలుస్తుంది, ఎందుకు తీస్తున్నాడా అని అనుమానం వస్తుంది. పది అడుగుల దూరంలో చిన్న కెమెరాతో నిలబడ్డవాడు “ఏం భాయ్, ఒక ఫొటో తీసుకోనా?” అని మామూలు గొంతుతో అడగగలడు. వద్దంటే దించేయగలడు.

దుకాణానికి వెళ్లే ముందు ఇంట్లోనే చేయగలిగిన పని ఒకటి ఉంది. కిట్ లెన్సుతో ఇప్పటిదాకా తీసిన వాటిలో బాగా నచ్చిన ఫొటోలు కంప్యూటర్లో తెరిచి, ఒక్కో ఫొటో వివరాల్లో ఫోకల్ లెంగ్త్, అంటే లెన్సు మిల్లీమీటర్ల అంకె, ఎంత ఉందో చూడండి. ప్రతి ఫొటోతోనూ కెమెరా ఆ అంకెను రాసి పెడుతుంది. ఎక్కువ ఫొటోలు 18కీ 28కీ మధ్య ఉంటే 50 జోలికి పోకండి. 50 దాటి పేరుకుపోయి ఉంటే ఈ ప్రసంగం మర్చిపోయి నిశ్చింతగా 50 కొనుక్కోండి. ఏదీ తేలకపోతే జూమ్ చక్రాన్ని 24 దగ్గర పెట్టి, దాని మీద టేపు అంటించి, ఒక ఆదివారం మీ ఊరి సంతకో చేపల రేవుకో వెళ్లిరండి. సోమవారం కూడా ఆ టేపు పీకబుద్ధి కాకపోతే, అప్పుడు వెళ్లి 24 కొనుక్కోండి.